సముద్రంలో ఒక పీట, దానికొక జెండా

కిందటి వేసవిలో మా బావమరది పిలుపుమీద నేనూ, మా ఇంటావిడా ఇంగ్లండు వెళ్లి ఇప్స్విచ్ పట్టణంలో మూడు వారాలు ఉన్నాము. లండను చూచినవారు చాలామంది వ్రాశారు కనుక దాని సంగతి వదలివేస్తాను. ఒక ఆదివారంనాడు మా వాడు, "బావగారూ, రండి. మీకు ఒక దేశాన్ని ఒడ్డున నిలబెట్టి చూపిస్తాను" అన్నాడు. రైలెక్కితే అరగంటలో ఫెలిక్స్‌స్టో చేరాము.

అది పెద్ద రేవు. మేడలంత సరుకు పెట్టెలను మోసుకొని ఓడలు వస్తూ పోతూ ఉన్నవి. రేవు ప్రక్కన ఒక పాతకోట, దాని ముందు గులకరాళ్ల ఒడ్డు. వేసవి అన్నమాటే గాని, గాలికి నా తలగుడ్డ నిలవలేదు. దుర్భిణీ కంటికి పెట్టుకొని చూడగా, ఎవరో పీట మరచిపోయి వెళ్లినట్లు నీళ్లమధ్య రెండు కాళ్లమీద ఒక నల్లని పలక కనిపించింది. అదే సీలాండు. తీరానికి సుమారు 12 కిలోమీటర్ల దూరం. దేశమనే మాట దాని యజమానులది. లోకంలో ఏ ప్రభుత్వమూ ఇంతవరకు ఆ మాట ఒప్పుకోలేదు.

జర్మను విమానాలను ఎదుర్కొనడానికి 1943లో బ్రిటిషువారు అక్కడ దించిన యుద్ధకోట అది. రెండు బోలు కాంక్రీటు స్తంభాలు, పైన ఇనుప తట్టు, అంతే. 1956 నాటికి సైనికులు ఖాళీ చేశారు. తరువాత రాయ్ బేట్స్ అనే మాజీ మేజరు వచ్చాడు. ఈయన అంతకుముందు 1965లో ఇటువంటి మరొక కోటలో లైసెన్సు లేకుండా రేడియో నడిపి జరిమానా కట్టినవాడు. ఆ రోజుల్లో బ్రిటిషు జలసీమ మూడు నాటికల్ మైళ్లే. ఈ కోట దానికి అవతల ఉన్నది. 1967 సెప్టెంబరు 2న, భార్య జోన్ పుట్టినరోజున, బేట్స్ అక్కడ జెండా ఎగురవేసి ఇది స్వతంత్ర సంస్థానమని ప్రకటించాడు. ఆమెకు ప్రిన్సెస్ బిరుదు కానుక! ఈ ముక్క విని మా ఇంటావిడ నావైపు చూచిన చూపు ఇక్కడ వ్రాయను.

జెండా మాత్రం నాకు కనిపించలేదు. అంత దూరాన గుడ్డముక్క ఎలా కనిపిస్తుంది? మా వాడు ఫోనులో బొమ్మ చూపించాడు. కొయ్యవైపు ఎగువన ఎరుపు, చివరవైపు దిగువన నలుపు, మధ్య ఐమూలగా తెల్లని పట్టీ. ఎరుపు బేట్స్‌కు గుర్తట, తెలుపు స్వచ్ఛతకట, నలుపు దొంగరేడియో రోజులకట. మిగిలిన దేశాలు తమ జెండాలలో త్యాగమూ, శాంతీ చెప్పుకొంటాయి. ఈయన తాను జరిమానా కట్టిన నేరాన్నే ఒక రంగుగా పెట్టుకొన్నాడు! నాకు ఆ నలుపే నచ్చింది.

రాజచిహ్నంలో సింహాలున్నవి. వాటి నడుముక్రింద చేపతోకలు! మన గుళ్ల స్తంభాలమీది యాళిని చూచినవారికి ఇది వింత కాదు. క్రింద లాటిను అక్షరాలు: "సముద్రంనుంచి స్వాతంత్ర్యం" అని అర్థం.

ఇంతవరకు ఇది ఒక కుటుంబపు సరదా అనుకోవచ్చును. కాని 1978లో, బేట్స్ దంపతులు ఊళ్లో లేనప్పుడు, ఆఖెన్‌బాఖ్ అనే జర్మను వ్యాపారి మనుషులను పంపి కోటను పట్టించాడు. కొడుకు మైకేల్‌ను బంధించారు. కొద్దిరోజులకు తండ్రీకొడుకులు తిరిగి స్వాధీనం చేసికొని, సీలాండు పాస్‌పోర్టు ఉన్న ఒక జర్మను లాయరును రాజద్రోహి అని పట్టి ఉంచారు. అతణ్ణి విడిపించడానికి జర్మనీ ఒక దౌత్యాధికారిని అక్కడికి పంపవలసి వచ్చింది. అదే తమను గుర్తించినట్లని బేట్స్ వాదన. చూచారా, ఆ పాస్‌పోర్టు మనిషిని ఏ రేవులోనూ కాపాడలేదు గాని, ద్రోహిని చేయడానికి పనికివచ్చింది! 1997లో దొంగ ప్రతులు లోకమంతా వ్యాపించేసరికి, తామిచ్చిన పాస్‌పోర్టులన్నిటినీ వారే రద్దు చేసికొన్నారు.

నేను యానాంలో ముద్రలూ, సంతకాలూ సరిచూచే ఉద్యోగిని. ఒడ్డున నిలబడి నాకు మా వీధి జ్ఞాపకం వచ్చింది. 1954 జూన్ 13న యానాంలో ఫ్రెంచి జెండా దిగిపోవడం మా తాతగారు కళ్లారా చూచారు. కాని మా వీధి చివరి ముసలమ్మగారికి, భర్త ఫ్రెంచి సైన్యంలో పనిచేసినందుకు, ఆమె కన్నుమూసేవరకు పింఛను వస్తూనే ఉండేది. అక్కడ జెండా దిగినా ముద్ర చెల్లింది. ఇక్కడ జెండా ఎగురుతున్నా ముద్ర చెల్లడం లేదు.

1987లో బ్రిటను తన జలసీమను 12 నాటికల్ మైళ్లకు పెంచింది గనుక ఈ పీట ఇప్పుడు వారి నీళ్లలోనే ఉన్నట్లు. 2006లో నిప్పంటుకొని చాలా భాగం కాలిపోతే మళ్లీ బాగుచేసికొన్నారు. బేట్స్ 2012లోను, జోన్ 2016లోను పోయారు. ఇప్పుడు మైకేల్ ప్రిన్సు.

తిరిగివస్తూ స్టేషనులో మా వాడు, "డబ్బు కడితే లార్డు బిరుదు కాగితం పంపుతారు బావగారూ, మీ పేర ఒకటి తెప్పించనా?" అన్నాడు.

"తెప్పించు. నకలుమీద అటెస్టేషను చేసే గెజిటెడ్ ఆఫీసరు ఎవరో ముందు కనుక్కో" అన్నాను.

మా వాడు నిజంగానే ఫోనులో వెతకడం మొదలుపెట్టాడు. మా ఇంటావిడ మాత్రం రైలు వచ్చేదాకా నవ్వుతూనే ఉంది.