కత్తికి కావలసిన సరుకులు

సరదాకొద్దీ కత్తులు చేయడం నేర్చుకోవాలనుకొన్నవాడిని మొదట ఇబ్బంది పెట్టేది కొలిమి కాదు, సుత్తీ కాదు. సరుకు ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న. ఈ విద్య గురించి అచ్చయిన పుస్తకాలలో అధికభాగం అమెరికాలోనో ఇంగ్లండులోనో వ్రాసినవి. వాటిలో చాలామటుకు క్రొత్తవాడిని '1084' అనే సంఖ్య గల ఉక్కుతో మొదలుపెట్టమంటాయి. ఆ సంఖ్యను బెజవాడ ఇనుప కొట్టులో పలికితే, మిగతా ఆరు అంకెలు కూడా చెబితే ఫోను చేసి కనుక్కొంటానంటాడు కొట్టు యజమాని.

విజయవాడలో ఒక బీమా కార్యాలయ ఉద్యోగికి సరిగ్గా ఈ అనుభవమే ఎదురయింది. ఆయనకు యాభై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. చదివినది వాణిజ్యశాస్త్రం. చేతిపని అంటే ఇంట్లో ఫ్యూజు మార్చడమే. ఈ వయస్సులో కత్తుల మీదికి మనసు పోవడానికి కారణం ఆయన తల్లిగారు. డెబ్బై ఆరేళ్ళ ఆ ఇల్లాలికి మోకాళ్ళు వంగడం మానేశాయి. నలభై ఏళ్ళు వాడిన కత్తిపీట ముందు ఇక కూర్చోలేదు. బజారులోని మెరుగు కత్తులు నాలుగు మార్చి చూసింది. "ఇది వంకాయను కోయడం లేదు నాన్నా, నలుపుతోంది" అన్నది. కూరలు కోడలు తరిగి ఇస్తే వండడానికి ఆమెకు ఇష్టం లేదు. వంట మానుకోవడానికి అసలే ఇష్టం లేదు. కత్తిపీట అంత పదునుగా, చేతిలో పట్టుకొని బల్ల దగ్గర నిలబడి కోయగల కత్తి ఒకటి చేసి ఇవ్వాలని ఆయన సంకల్పం.

విదేశం నుంచి ఉక్కుబద్ద తెప్పించే విషయం విచారించాడు. రవాణా ఖర్చు, సుంకం కలిపితే ఉక్కు వెలను మించిపోతున్నాయి. ఒక్క బద్ద పాడైతే మళ్ళీ నెల రోజులు కాచుకొని కూర్చోవాలి. నేర్చుకొనేవాడు మొదటి మూడు నాలుగు బద్దలూ పాడు చేయడం ఖాయం గనుక ఈ దారి మూసుకొన్నట్లే.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఉక్కు కోసం తెలుగువాడు పరదేశం వైపు చూడవలసి రావడం చరిత్రలో క్రొత్త సంగతి. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కు ఒకప్పుడు పారశీక దేశానికి ఎగుమతి అయ్యేది. అక్కడి ఇస్ఫహాను నుంచి వర్తకులు స్వయంగా వచ్చి కొనుక్కొని పోయేవారు. భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వెస్లీ వాయిసీ ఆ తయారీని చూసి వ్రాసిన వర్ణన, ఆయన 1824లో మరణించిన తరువాత, 1832లో కలకత్తాలో అచ్చయింది. అంతకు ముందే, 1795లో, జార్జి పియర్సన్ అనే ఆయన లండను రాయల్ సొసైటీ ముందు ఈ ఉక్కు గురించి వ్యాసం చదివాడు. తరువాత మైకేల్ ఫారడే వంటివాడు దీని గుట్టు తెలుసుకోవడానికి ప్రయోగాలు చేశాడు. ఇంగ్లీషులో దీన్ని 'వూట్జ్' అన్నారు. మన 'ఉక్కు' అనే మాటే ఎవరి నోటనో, ఎవరి కలంలోనో పడి అలా మారిందని పండితుల అభిప్రాయం. కన్నడంలోనూ ఇది ఉక్కే కాబట్టి ఆ ఘనత మనకొక్కరికే దక్కదు. మాట అలా సముద్రాలు దాటిపోగా, ఇంట మిగిలిన మాటకు పట్టిన గతి విచిత్రం. నేడు బజారులో 'ఉక్కు' కావాలంటే ఇళ్ళ స్లాబుకు వేసే ఊచలు చూపిస్తారు.

ఆ ఊచలతో కత్తి కాదు. ఉక్కు గట్టిపడాలంటే దానిలో కర్బనం నూటికి అర పాలుకు పైగా ఉండాలి. కిటికీ ఊచల వంటి మెత్తని ఇనుములో పావు పాలు కూడా ఉండదు. ఎర్రగా కాల్చి ఎన్నిసార్లు ముంచినా అది మెత్తగానే ఉంటుంది. కాబట్టి కొనేవాడు అడగవలసిన మాట వేరు. మన ఉక్కు వర్తకులు ఇప్పటికీ వాడే పేర్లు 'ఇ.ఎన్.' అనే అక్షరాలతో మొదలవుతాయి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్‌లో పుట్టిన వర్గీకరణ అది. పుట్టినచోట దాన్ని మార్చివేసి దశాబ్దాలు గడిచినా ఇక్కడ చలామణిలోనే ఉంది. ఇ.ఎన్.-8 కత్తికి చాలదు. ఇ.ఎన్.-31 బాల్‌బేరింగుల ఉక్కు. నూటికి ఒక పాలు కర్బనం, ఒకటిన్నర పాళ్ళు క్రోమియం ఉండే శ్రేష్ఠమైన సరుకు. కాని వేడి విషయంలో పెంకితనం ఎక్కువ, క్రొత్తవాడికి లొంగదు. ఇ.ఎన్.-45 బండ్ల కమాను పట్టీల ఉక్కు. నిఘంటువు ఏదీ ఇవ్వని ఈ అనువాదం చేతికి చిక్కడానికి ఆ ఉద్యోగికి రెండు నెలలు పట్టింది.

అది చిక్కిన తరువాత ఊరే మారిపోయినట్లయింది. విజయవాడ ఆటోనగర్‌లో కమాను పట్టీలు గుట్టలుగా పడి ఉంటాయి. విరిగిన లారీల అవశేషాలు కిలోల లెక్కన అమ్ముతారు. చవక. ఇన్ని సంవత్సరాలు ఆ దారినే పోతూ, అదంతా తుప్పు అనుకొన్నాడు ఆయన.

అయితే చవక సరుకులో ఒక ప్రమాదం దాగి ఉంది. పుస్తకాలు దీన్ని ఒక వాక్యంలో చెప్పి ఊరుకొంటాయి. అది సరిపోదు. లారీ కింద ఏళ్ళ తరబడి లక్షల సార్లు వంగి లేచిన పట్టీలో కంటికి కనిపించని పగుళ్ళు ఏర్పడతాయి. ఆ పట్టీతో చేసిన కత్తి చూడడానికి నిక్షేపంగా ఉంటుంది. గుమ్మడికాయ మీద బలంగా నొక్కిన నాడు ముక్కలవుతుంది. పట్టుకొన్నది డెబ్బై ఆరేళ్ళ చెయ్యి అయితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పగులు కనిపెట్టడానికి పాతకాలపు ఉపాయం ఒకటి ఉంది. పట్టీని శుభ్రంగా తోమి, కిరసనాయిలు వంటి పలుచని నూనెలో కొన్ని గంటలు నానవేసి, పైతడి పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లాలి. పగులు ఉంటే దానిలో ఇంకిన నూనె మెల్లగా పైకి ఊరి, తెల్లని సుద్ద మీద సన్నని చార గీస్తుంది. ఆయన మొదట కొన్న మూడు పట్టీలలో రెండింటి మీద ఆ చార కనిపించింది. మూడవ దాని మీద ఏమీ కనిపించలేదు. కనిపించనంత మాత్రాన లేదని చెప్పలేమన్న దిగులుతో దాన్నీ వాడలేదు.

పరిష్కారం మళ్ళీ ఆటోనగర్‌లోనే, పాత సామానుల వరుసకు అవతలి వీధిలో దొరికింది. అక్కడ క్రొత్త కమాను పట్టీలు కోసి, వంచి తయారు చేసే దుకాణాలున్నాయి. బండి కొలతకు పట్టీ కోయగా మిగిలిన జానెడు, బారెడు ముక్కలు మూల పడి ఉంటాయి. వాటి మీద ఏ బండీ నడవలేదు. పనివాడిని అడిగితే నవ్వాడు. "ఇవెందుకు సార్, తూకానికి వేసేస్తాం" అన్నాడు. ఏ ఉక్కో అని అడగవలసిన అవసరం కూడా లేకపోయింది. ఉక్కు గ్రేడు సంఖ్య ముక్క అంచు మీద రంగుతో వ్రాసే ఉంది. మొదలుపెట్టేవాడు నేరుగా ఇక్కడికే వెళ్ళడం మంచిది.

పేరు తెలియని ముక్క దొరికినప్పుడు సానరాయికి ఆనించి రవ్వలు చూడాలి. మెత్తని ఇనుము పొడుగాటి గీతల్లాంటి రవ్వలు వదులుతుంది. కర్బనం ఎక్కువైన కొద్దీ రవ్వలు దీపావళి కాకరపువ్వొత్తిలా చిట్లుతాయి. పాత ఆకురాళ్ళు కూడా మంచి ఉక్కే కాని, ఈనాటి చవక ఆకురాళ్ళలో కొన్నింటికి పై పొర మాత్రమే గట్టిగా ఉంటుంది. ఒక ముక్కను కాల్చి ముంచి విరిచి చూడకుండా నమ్మరాదు. యంత్రపు రంపపు బ్లేడులు చాలామందిని ఊరిస్తాయి. వాటిలో ఎక్కువభాగం పన్నెండు వందల డిగ్రీల దాకా కాగితే గాని లొంగని జాతి. ఇంటి కొలిమికి అది అందదు.

పట్టీ దొరికింది గాని దాని మందం ముందరి చిక్కు తెచ్చింది. కూరగాయల కత్తి వీపు రెండు మూడు మిల్లీమీటర్లకు మించకూడదు. లారీ పట్టీ సెంటీమీటరు దాకా ఉంటుంది. అరగదీయడానికి జీవితం చాలదు. కాల్చి సాగగొట్టవలసిందే. దాగలి కావాలి, సమ్మెట కావాలి, అన్నిటికీ మించి కొట్టడం తెలిసిన చెయ్యి కావాలి. ఆటోనగర్‌లోనే ఎవరో చెప్పగా నూజివీడు పోయే దారిలో ఒక పల్లెకు వెళ్ళాడు. అక్కడి కమ్మరి ఆచారిగారికి డెబ్బై దాటాయి. నాగలి కర్రుకు మొన సాగగొట్టించుకొనేవారు లేరు. కొడవళ్ళకు కక్కు కొట్టించేవారు ఏడాదికి నలుగురు. కొబ్బరిబోండాల కత్తులు, గీత కత్తులు, మాంసం కొట్ల కత్తులు ఆ కొలిమిని ఆరనివ్వకుండా చూస్తున్నాయి. కొడుకు హైదరాబాదులో ఉద్యోగస్థుడు.

"ఆచారిగారూ, ఇది ఇ.ఎన్.-45 అండీ" అని ముక్క అందించాడు ఉద్యోగి. ఆయన దాన్ని గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకొని, "కమాను పట్టీ బాబూ. నూనెలో ముంచాలి. నీళ్ళలో ముంచావా, పగులుద్ది" అన్నారు. పుస్తకం నాలుగు పుటలలో చెప్పిన సంగతి అంతే.

కొలిమికి బొగ్గు కూడా ఒక సమస్యే. ఈ రోజుల్లో బొగ్గు ఎవరు అమ్ముతారు? వీధి మలుపులో బండి పెట్టుకొని బట్టలు ఇస్త్రీ చేసేవాడిని అడగాలి. వాడు తెచ్చుకొనేచోట తుమ్మ బొగ్గు బస్తా లెక్కన దొరుకుతుంది. ఇనుము అతకడానికి పుస్తకాలు చెప్పే 'బోరాక్స్' మన మూలికల కొట్టులో వెలిగారం పేరుతో పొట్లాలు కట్టి అమ్మేదే. కత్తి మీద నల్లని చాయ తేవడానికి వాడే ఫెర్రిక్ క్లోరైడు, రేడియో, టి.వి. విడిభాగాల కొట్టులో సర్క్యూటు పలకల కోసం ఉంచుతారు. పిడికి వేసే ఇత్తడి చీలలు ఇత్తడి కడ్డీలు అమ్మేచోట కోయించుకోవచ్చు. అయస్కాంతం పాత స్పీకరులో దొరుకుతుంది. అది చిన్న విషయం కాదు. ఎర్రగా కాగుతున్న ఉక్కును అయస్కాంతం పట్టుకోవడం మానిందంటే వేడి దాదాపు 770 డిగ్రీలు దాటిందని అర్థం. ఇంకొంచెం కాగనిచ్చి నూనెలో ముంచాలి. వేల రూపాయల ఉష్ణమాపకం కొనే శక్తి లేనివాడికి ఇదే దారి. ముంచిన తరువాత ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది. వంటింటి ఓవెనులో రెండువందల డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండుసార్లు ఉంచితే ఎండుగడ్డి రంగు తిరిగి, పెళుసు తగ్గి పదును మిగులుతుంది.

పిడి కర్ర విషయంలో తొందర పడకూడదు. సీమలో పుట్టిన వాడెవడికైనా ఎర్రచందనం పేరు నోటికి వస్తుంది. అనుమతి పత్రాలు లేని ముక్క ముట్టుకోవడం జైలుకు దారి. జింక కొమ్ము పిడి పుస్తకాల బొమ్మలలో ఎంత ఠీవిగా ఉన్నా, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో దాని వ్యాపారం నేరం. కొండపల్లి దగ్గరే కదా అని బొమ్మల పొణికి కర్ర తెచ్చేవారున్నారు. అది బొమ్మకు ఎంత అనువైనదో పిడికి అంత పనికిరానిది. మెత్తన. చింత చేవ మేలు. మాంసం కొట్టే మొద్దుకు దాన్నే ఎన్నుకొంటారంటే కారణం ఉంది. పాత ఇళ్ళు పడగొట్టిన కలప అమ్మేచోట టేకు దొరుకుతుంది. పచ్చికర్ర మాత్రం వద్దు, ఎండి కుంచించుకొని చీలలు వదులవుతాయి. ఈ ఉద్యోగి అటకమీద ఉన్న విరిగిన మంచం కోడు ఒకటి దించాడు. తాతగారి కాలం నాటిది. అంతకన్నా ఎండిన కర్ర ఏ డిపోలోనూ దొరకదు.

చట్టం మాట వచ్చింది గనుక మరొకటి. 1959 ఆయుధాల చట్టం వంటింటికీ వ్యవసాయానికీ మాత్రమే ఉద్దేశించిన పరికరాలను ఆయుధాలుగా లెక్కించదు. తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు, లేదా రెండు అంగుళాలకు మించిన వెడల్పు గల కత్తులను అలాంటి ప్రయోజనం లేకుండా చేస్తే సంగతి వేరు. క్రొత్తవాడు వంటింటి కత్తితో మొదలుపెడితే ఈ గొడవ ఉండదు. బాకులు, ఖడ్గాలు చేయాలన్న ఉబలాటం కుర్రవాళ్ళకు సహజమే గాని, ఉల్లిపాయ కోసే కత్తి సరిగ్గా చేయడం ఖడ్గం చేయడం కన్నా కష్టం. ఖడ్గాన్ని గోడకు తగిలించి వదిలేస్తారు. ఉల్లిపాయ రోజూ పరీక్ష పెడుతుంది.

ఆరు ఆదివారాలు ఆచారిగారి దగ్గరకు వెళ్ళాడు. మొదటి రెండు బద్దలు వంకరపోయాయి. మూడవది నిలిచింది. ఆచారిగారు కూలి తీసుకోలేదు. పాడైన రెండు బద్దలూ తనకు వదిలిపెట్టమన్నారు. వాటితో కొబ్బరి కోరే పళ్ళెలు చేసి సంతలో అమ్ముకొన్నారు. తల్లిగారు కత్తిని చేతిలోకి తీసుకొని, వంకాయ కాదు, బాగా ముగ్గిన టమాటా తెమ్మన్నది. నొక్కకుండా, తొక్క నలగకుండా నాలుగు పలుచని చక్రాలు కోసి పళ్ళెంలో పెట్టింది. తరువాత కత్తి బరువు కొంచెం ముందుకు ఉన్నదన్నది.

ఒర కోసం తోలు ముక్క కావలసి, చెప్పులు కుట్టే ఆయన దగ్గరకు కత్తి తీసుకొని వెళ్ళాడు ఉద్యోగి. ఆయన కొలత తీసుకోవడం మాని, ఆ కత్తితో తోలు అంచు ఒకటి కోసి చూశాడు. మరొకటి కోశాడు. "ఒరకు డబ్బులొద్దు సార్. తోలు కోసుకొనే కత్తి ఇలాంటిదొకటి చేసి పెట్టండి. కొంచెం పొట్టిగా" అని, గచ్చు మీద బొగ్గుతో దాని ఆకారం గీసి చూపించాడు.