డేటాషీట్ చదువుకో, పో

న్యాల్‌కల్‌లో ఇంటి ముందు కూసొని ఫోన్ చూస్తున్న. ఎంబెడెడ్ ఇంజినీర్ల గ్రూపులో ఒక పిల్లగాడు అడిగిండు: "అన్నా, ఫ్రీఆర్‌టాస్‌లో నా ముఖ్యమైన టాస్క్ మధ్యల ఆగిపోతోంది. ఎందుకు?"

జవాబు: "డేటాషీట్ చదువుకో, పో."

ఇగ మర్యాద మీద ఒకటే లొల్లి. పిల్లగాని టాస్క్ ఎవ్వరికీ పట్టలే.

1997లో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ నౌకవీ ఇసొంటి తిప్పలే. వాతావరణ సమాచారం చూసే చిన్న టాస్క్, అంటే తక్కువ ప్రయారిటీది, మ్యూటెక్స్ పట్టుకుంది. దానికోసం పెద్ద టాస్క్ ఆగింది. నడిమి టాస్క్ వచ్చి చిన్నదాన్ని కదలనియ్యలే. వాచ్‌డాగ్ మళ్లీ మళ్లీ రీసెట్ కొట్టింది. దాన్ని నడిపే జేపీఎల్ వాళ్లు భూమ్మీదున్న నమూనాలో అదే తప్పు రప్పించి, దాని ఓఎస్ వీఎక్స్‌వర్క్స్‌లో ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ ఆన్ చేసిన్రు, అంటే మ్యూటెక్స్ వదిలేదాక చిన్నదానికి పెద్దదాని ప్రయారిటీ ఇచ్చుడు.

ఇది ఏ చిప్పు డేటాషీట్‌ల ఉంటది చెప్పుండ్రి?

అడిగేటోళ్లు గూడ ఏ బోర్డు, ఏ వెర్షన్, దేనికెంత ప్రయారిటీ అని రాయాలె, ఒప్పుకుంట. రాయకపోతే అడగొచ్చు గదా, వెక్కిరింపు దేనికి?

ఫ్రీఆర్‌టాస్‌లో మ్యూటెక్స్‌కు ఇన్‌హెరిటెన్స్ ఉంది, బైనరీ సెమాఫోర్‌కు లేదు. ముందు అది చూసుకొమ్మని పిల్లగానికి రాసిన. మీకింకేమన్నా తోస్తే కింద రాయండి. "పో" లేకుండ.