ఒక రాత్రి ఖరీదు

మా కోలారు వైపు ‘హోటలు’ అంటే ఇడ్లీ, దోసె దొరికే చోటు. పడుకునే చోటును లాడ్జి అంటాం. పడుకోవడానికి కూడా హోటళ్ళుంటాయని, ఒక్క రాత్రికి మా ఊళ్ళో నెల ఇంటి అద్దెంత అడుగుతారని నాకు బ్యాంకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

కె.జి.ఎఫ్. వాళ్ళకు బెంగళూరు పగటి ఊరు. ఒకప్పుడు మేమే ముందుండేవాళ్ళం. శివనసముద్రం నుంచి కరెంటు 1902లో మా బంగారు గనులకు వచ్చింది. బెంగళూరు దీపాలు వెలిగింది 1905లో. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక లెక్క తిరగబడింది. మారికుప్పం, చాంపియన్, ఊరిగాం, కోరమాండల్ స్టేషన్లలో పొద్దున్నే జనం రైలెక్కుతారు, రాత్రికి తిరిగొస్తారు. అక్కడ అద్దెలు కట్టలేకే కదా ఈ తిరుగుడంతా! అట్లాంటి ఊరివాడు అదే బెంగళూరులో ఒక్క రాత్రి పడకకు వేలు పోయడమంటే ఇంట్లో సంజాయిషీ చెప్పుకోవలసిన సంగతే.

నాకు ఆ పని పడింది మా అమ్మ కోసం. ఆమెకు 82 ఏళ్ళు. మోకాళ్ళు సహకరించవు. బెంగళూరు ఆసుపత్రిలో పరీక్షలకు పరగడుపున ఉదయం ఆరున్నరకే రమ్మన్నారు. మా ఊరి నుంచి సుమారు వంద కిలోమీటర్లు. కారు మాట్లాడుకుంటే తెల్లవారుజామున మూడింటికే ఆమెను లేపి, ముస్తాబు చేసి ఎక్కించాలి. ముందురోజే వెళ్ళి ఎక్కడో ఒకచోట దిగడం మేలనిపించింది.

మా పెద్దమ్మ కొడుకు అక్కడే ఉన్నాడు. ఆదరంగా చూసే మనిషి. కానీ ఇల్లు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. కిందటేడు వెళ్ళినప్పుడు పిల్లలిద్దరూ అమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకుని మెట్లెక్కారు. “ఊరేగింపు, ఊరేగింపు” అని అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది.

ఇక మిగిలింది రెండు దారులు. మెజెస్టిక్ దగ్గర లాడ్జి అన్నీ కలిపి 1,500. ఆసుపత్రికి ఎదురుగానే ఉన్న పెద్ద హోటలు 6,800.

బ్యాంకు పని మీద వెళ్ళినప్పుడు అలాంటి హోటళ్ళలో నేనూ దిగాను. అప్పుడు బిల్లు చూసి సంతకం పెట్టేవాణ్ణి, అంతే. అదే గది సొంత డబ్బుతో అనేసరికి ప్రతి రూపాయీ లేచి నిలబడి పేరడిగింది. బి.కాం.లో చదివిందీ, అప్పుల దరఖాస్తులు చూసి నేర్చుకున్నదీ బయటికి తీశాను.

మొదటి ప్రశ్న: ఆ ధర ఎలా వచ్చింది? కోలారు టమోటా మార్కెట్టు చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. 2023 జులైలో పదిహేను కిలోల బాక్సు రెండు వేలు దాటింది. అదే కాయను కొనేవాడు లేక రోడ్డు పక్కన పారబోసిన రోజులూ చూశాం. టమోటా అయినా రెండు రోజులు ఆగుతుంది. ఖాళీగా పోయిన రాత్రిని రేపు అమ్ముకోలేరు. మనిషి దిగినా దిగకపోయినా హోటలుకు జీతాలు, వడ్డీ, కరెంటు తప్పవు. అందుకే గిరాకీ ఉన్న రోజు పిండుకుంటారు, లేని రోజు దిగివస్తారు. బెంగళూరులో కంపెనీల వాళ్ళు తిరిగే వారం మధ్యలో ధర ఎక్కువ. శుక్ర, శనివారాల్లో తరచుగా తక్కువ. యలహంకలో విమానాల ప్రదర్శన జరిగే రోజుల్లో అయితే అటువైపు చూడనక్కరలేదు.

రెండో ప్రశ్న పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి రాత్రికి 7,500 దాకా ఉన్న గదికి జి.ఎస్.టి. అయిదు శాతం, ఆ పైన పద్దెనిమిది. అంటే 7,400 గదికి మొత్తం 7,770 అయితే, 7,600 గదికి 8,968. గది ధరలో తేడా 200, జేబులో తేడా 1,198. గీతకు ఇవతలున్నామో అవతలున్నామో చూసుకోవాలి.

మూడోది, అసలైనది: ఏం కొంటున్నాం? ఈత కొలను, గోడ మీది బొమ్మలు, పెద్ద టీవీ లెక్కలోంచి కొట్టేశాను. పొద్దుటి టిఫిను ధరలో కలిసే ఉంది. పరగడుపున వెళ్ళే మనిషికి అదెందుకు? ఫోను చేసి అడిగితే టిఫిను లేకుండా 6,200 అన్నారు. పన్నుతో 6,510. లాడ్జి 1,500 ఎలాగూ పెట్టేదే. కనుక నేను తూకం వేయవలసింది పైన పెట్టే 5,010కి ఏం వస్తుందనే. లిఫ్టు వస్తుంది. గడప లేని స్నానాల గది, పట్టుకోవడానికి గోడకు కడ్డీ, తెల్లవారుజామున వేడినీళ్ళు. రోడ్డు దాటితే ఆసుపత్రి. ఒక గంట ఎక్కువ నిద్ర.

అమ్మ ఒప్పుకోలేదు. “ఒక రాత్రికి అంత దుడ్డా? పొద్దున్నే లేసి పొయ్యేవాళ్ళకి యాడ పండుకుంటే ఏమిరా?” అంది. ధర సగమే చెప్పి ఊరుకోవచ్చు. కానీ జీవితమంతా మా నాయన గని జీతంతో సంసారం లెక్కపెట్టిన మనిషి ఆమె. ఉన్నదున్నట్టు చెప్పి, ఈ కడ్డీ లెక్క, లిఫ్టు లెక్క ఆమె ముందు పెట్టాను. కాసేపు పలకలేదు. “మెట్లుండవు గదా?” అని మాత్రం అడిగింది.

హోటలు గుమ్మం దగ్గర చక్రాల కుర్చీ తెచ్చిన కుర్రవాడు మా మాటలు విని, “యా ఊరవ్వా మీది?” అన్నాడు. బంగారపేట వాడట. రోజూ రైల్లో వచ్చి పోతాడు. “ఈ రూముల్లో ఎప్పుడన్నా పండుకున్నావా నాయనా?” అని అడిగింది అమ్మ. “రైల్లో సీటు దొరికితే సాలవ్వా,” అని నవ్వాడు. ఆ రాత్రి పరుపు మెత్తదనం గురించి ఆమె ఒక్క మాటా అనలేదు. ఆ అబ్బాయి ఇల్లు చేరే వేళ ఎంతవుతుందని మాత్రం రెండుసార్లు అడిగింది.

ఊరికి తిరిగి వచ్చాక పక్కింటివాళ్ళు ఖర్చు అడిగారు. అమ్మే చెప్పింది: “ఆరున్నర వేలు. ఎక్కువే. కానీ ఈ తూరి నన్నెవురూ ఎత్తుకోలేదు.”

ఆరు నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. శనివారం ఉదయానికే తేదీ అడిగి పెట్టుకున్నాను. శుక్రవారం రాత్రి ధర కొంచెం దిగవచ్చు.