పెట్టెలో నాన్న

మా నాన్న పెనుకొండలో బడిపంతులు. పింఛను పుచ్చుకున్న తరువాత, కోట చూడవచ్చిన వాళ్ళను పట్టుకుని కథ చెప్పడమే ఆయనకు కాలక్షేపం. ఒకసారి టీవీ వాళ్ళు ఆయన్ని గగనమహలు ముందర నిలబెట్టి చెప్పించుకున్నారు: 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడాక తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు తెచ్చిన వైనం, 12 నిమిషాలు. అది ప్రసారమయిన రాత్రి తమ్ముడు సెట్‌టాప్ బాక్సుకు పెన్‌డ్రైవు తగిలించి రికార్డు చేశాడు. ఇక నాన్న ఇంటికి వచ్చిన వారికల్లా కాఫీతో పాటు దాన్నీ వడ్డించేవారు.

నిరుడు నాన్న పోయారు. అమ్మను హిందూపురం మా ఇంటికి తీసుకురావాలి, పెనుకొండలో ఇల్లు ఖాళీ చేయాలి, డిష్షు కనెక్షను తీసేయించాలి.

"పెన్‌డ్రైవు ఉంది కదక్కా!" అని తమ్ముడు దాన్ని జేబులో వేసుకుని ధర్మవరం వెళ్ళాడు. అక్కడ కంప్యూటరుకు పెడితే, "ఫార్మాట్ చేయమంటారా?" అని అడిగిందట అది. అంటే, ఉన్నదంతా తుడిచేయనా అని! వాడి వేలు మీట దాకా పోయి ఆగింది. ఏ దేవుడు ఆపాడో.

హిందూపురంలో టీవీలు బాగుచేసే అబ్బాయి సంగతి విప్పి చెప్పాడు. "పెట్టె తాను రాసుకున్నదానికి తాళం వేసుకుంటుందమ్మా. తాళంచెవి పెట్టెలోనే ఉంటుంది. అదే రకం పెట్టె ఇంకొకటి తెచ్చినా తెరుచుకోదు. కనెక్షను తీసేస్తే కొన్ని పెట్టెలు పాతవి కూడా చూపించవు."

సినిమాలు కాపీ చేసి అమ్ముకోకుండా ఈ కట్టుదిట్టమట. మా నాన్నను ఎవరు దొంగిలిస్తారండీ!

హెచ్‌డీఎంఐ తీగతో పట్టబోతే నల్లతెరే వచ్చింది. చివరికి పెట్టె వెనక పసుపు, ఎరుపు, తెలుపు రంగుల పాత తీగలే అక్కరకొచ్చాయి. వాటికీ లాప్‌టాప్‌కూ నడుమ వేలెడంత క్యాప్చర్ పరికరం. పెట్టె ఆడిస్తూ ఉంటే ఇటు పడుతూ ఉంటుంది, తొందరపెట్టేందుకు లేదు. 12 నిమిషాల బొమ్మకు 12 నిమిషాలూ కూర్చోవలసిందే.

ఆదివారం పెనుకొండలో ముగ్గురమూ కూర్చున్నాం. మా మాటలు అందులో పడవని తెలుసు. అయినా ఎవరమూ నోరు విప్పలేదు. నడుమ సబ్బు ప్రకటన వచ్చింది. తమ్ముడు ఆపబోయాడు.

"ఉండనీరా," అంది అమ్మ. "అది రాగానే కాఫీకి నీళ్ళు పెట్టమనేవారు."

బొమ్మ కాస్త మసకగా వచ్చింది. గొంతు మాత్రం నాన్నదే. ఇప్పుడు అమ్మ ఫోనులోనూ, మా ఇద్దరి ఇళ్ళలోనూ ఉంది.

కనెక్షను తీసేయించవలసిన రోజు దాటిపోయింది. ఆ నెలకూ తమ్ముడు డబ్బు కట్టేశాడు. ఎందుకని నేనూ అడగలేదు.