చిన్న కేసే కదా అని...

అమెరికాలో మనవాళ్ళ రూముల్లో ఒక సలహా బాగా చలామణీలో ఉంది. "చిన్న కేసేరా, గిల్టీ అని ఒప్పేసుకుని ఫైను కట్టెయ్, పోద్ది". మామూలు స్పీడింగ్ టికెట్టుకి ఇది చాలావరకు పనిచేస్తుంది. అందుకని అన్ని రోగాలకీ అదే మాత్ర వేసేస్తున్నారు.

అసలు సంగతేంటంటే, కోర్టు లెక్క వేరు, ఇమిగ్రేషన్ లెక్క వేరు. దొంగతనం ఎంత చిన్నదైనా సాధారణంగా "నైతిక పతనం" కిందకొచ్చే నేరమే. మొదటిసారి చేసిన చిన్న నేరానికి ఒక మినహాయింపుంది, కానీ అది దేశంలోకి రానివ్వడానికి సంబంధించింది. నేరానికి గరిష్ట శిక్ష ఏడాది దాటకపోతే, పడిన శిక్ష ఆర్నెల్లు మించకపోతే వర్తిస్తుంది. దేశంలోంచి పంపెయ్యడానికి ఇంకో రూలు. వచ్చిన ఐదేళ్ళలోపు చేసిన నేరానికి ఏడాది లేదా అంతకన్నా ఎక్కువ శిక్ష పడే అవకాశం ఉంటే చాలు. అంటే గరిష్ట శిక్ష సరిగ్గా ఏడాది అయితే రెండు రూళ్ళలోనూ పడతారు! మనం రోజూ తిట్టుకునే బౌండరీ కండిషనే ఇది. వర్జీనియాలో చిన్న దొంగతనానికి గరిష్టం 12 నెలలు. కాలిఫోర్నియా వాళ్ళు ఈ గొడవ వల్లే 2015 నుంచి చిన్న నేరాల గరిష్ట శిక్షని 364 రోజులకి తగ్గించారు. ఒక్క రోజు!

ఇదంతా నాకు ఎందుకు తెలిసిందంటే, మా ఫ్రెండ్ వాళ్ళ తమ్ముడొకడు ఇక్కడే వర్జీనియాలో ఎమ్మెస్ చేస్తున్నాడు. సెల్ఫ్ చెకౌట్‌లో పద్నాలుగు డాలర్ల సామాను స్కాన్ చెయ్యకుండా సంచిలో వేసి దొరికాడు. "మర్చిపోయా అన్నా" అన్నాడు. నేను నమ్మలేదు, ఆ మాట వాడికే చెప్పాను. సరే, అది వేరే విషయం. గిల్టీ అని ఒప్పుకో, ఇరవై గంటలు కమ్యూనిటీ సర్వీస్ చెయ్యి, ఆర్నెల్ల తర్వాత కేసు కొట్టేస్తాం అని ఆఫరొచ్చింది. రూమ్మేట్లంతా "ఇంకేంటి, పండగ చేస్కో" అన్నారట. వాళ్ళన్న పట్టుబట్టి ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించాడు కాబట్టి సరిపోయింది. ఎందుకంటే నేరం ఒప్పుకుని, దానికి జడ్జి ఏ చిన్న శిక్ష వేసినా ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో అది కన్విక్షనే. తర్వాత కోర్టు కొట్టేసినా మామూలుగా అది పోదు. చివరికి తప్పొప్పుకోకుండానే సర్వీసు ముందే చేసేసి కేసు కొట్టేయించుకునేలా లాయర్లు మాట్లాడారు. అయినా ఖమ్మంలో అక్క పెళ్ళికి వెళ్ళలేదు. అరెస్టు ఒక్కటి చూపించి కూడా వీసా రద్దు చెయ్యొచ్చు, వెళ్తే తిరిగొస్తాడన్న గ్యారంటీ లేదు. ఇంట్లో మాత్రం సెలవు దొరకలేదని చెప్పాడు.

ఇక 2025 ఏప్రిల్ సంగతి మీకు తెలిసిందే. విద్యార్థుల పేర్లని ఎఫ్‌బీఐ డేటాబేసుతో సరిపోల్చి వేలమంది సెవిస్ రికార్డులు రద్దు చేసేసారు. ఎప్పుడో కొట్టేసిన కేసులవాళ్ళూ అందులో ఇరుక్కున్నారు. యూటాలో ఒక పిహెచ్‌డి విద్యార్థి మీద ఉన్నది రెండు స్పీడింగ్ టికెట్లు, పరిమితికి మించి చేపలు పట్టారన్న కేసు ఒకటి, ఆ చేపల కేసు కూడా కొట్టేసిందే. పిల్లలు కోర్టులకెక్కాక నెలాఖరుకి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అది అన్యాయమే, నాకు అనుమానం లేదు. కానీ ఆ చేపల కేసు చూపించి సెల్ఫ్ చెకౌట్ బాపతు వాళ్ళని కూడా అమాయకుల్లో కలిపేస్తే మాత్రం ఒప్పుకోను.

క్రిమినల్ లాయర్ ఒక్కడుంటే చాలదు. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదముందని క్లయింటుకి చెప్పాల్సిందేనని 2010లో పడియా కేసులో సుప్రీం కోర్టు తేల్చింది. అయినా కోర్టు వరండాలో ఐదు నిమిషాల్లో అన్నీ చూసి చెప్పేంత తీరిక ఎవరికుంటుంది? ఒప్పుకోకముందే వాయిదా అడిగి, ఇమిగ్రేషన్ లాయర్‌కి కాగితాలు చూపించండి.

ఇంకోటి. డీఎస్-160లో అడిగేది కన్విక్షన్ గురించి మాత్రమే కాదు, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని కూడా. అరెస్టయి ఉంటే, కేసు కొట్టేసినా "అవును" అనే రాయాలి. హెచ్1బి స్టాంపింగుకి వెళ్ళినప్పుడు కోర్టు కాగితాలు అడుగుతారు. కేసు ముగిసిన వారంలోనే సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తెచ్చి పెట్టుకోండి.