సోమశిల దారిలో ఇంటిబండి

వెలిగొండల వరుసను చీల్చుకొని పెన్నానది తూర్పు మైదానంలోకి దిగే చోట సోమశిల ఉన్నది. కొండల నడుమ ఆ ఇరుకును చూసినవారికి, జలాశయాన్ని అక్కడే ఎందుకు కట్టారో వేరే చెప్పనక్కరలేదు. నిండితే 78 టీఎంసీల నీరు పట్టే జలాశయమిది. నెల్లూరు నుండి సంగం, ఆత్మకూరు, అనంతసాగరం మీదుగా జనం ఉదయం వచ్చి, ఆనకట్ట చూసి, వెంట తెచ్చుకున్న బిర్యానీ తిని, సాయంత్రానికి తిరిగిపోతారు. మేమూ పలుమార్లు అలాగే వచ్చి వెళ్ళాము. ఈసారి షాబాను సెలవులలో మాత్రం ఇల్లు వెంటబెట్టుకొని వచ్చాము.

ఇల్లు వెంటబెట్టుకోవడమన్నది మాకు పుట్టిన ఆలోచన కాదు. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముని కుమారుడు కొన్ని నెలల క్రితం ఫోనులో ఒక మస్‌అలా అడిగాడు. ఐరోపా దేశాలలో మోటారుహోములనే బండ్లున్నాయి. పగలు కూర్చునే బల్ల రాత్రికి మంచమవుతుంది. అందులోనే పొయ్యి, మంచినీటి తొట్టి, మరుగుగది. కుటుంబాలు వాటిలో పల్లెలవెంట, కొండలవెంట వారాల తరబడి తిరుగుతాయి. కుక్కనూ వెంట తీసుకుపోతాయి. ఐరోపా సమాఖ్యలో ఒక దేశం నుండి మరొక దేశానికి పోవాలంటే ఆ కుక్కకు కూడా పాస్‌పోర్టు ఉండాలి. దాని చర్మం కింద గుర్తింపు చిప్పు ఉండాలి. పిచ్చికుక్క వ్యాధి రాకుండా మొదటిసారి టీకా వేయించాక 21 రోజులు గడవాలి. తనతో పనిచేసే ఒక క్రైస్తవ కుటుంబం అటువంటి యాత్రకు రమ్మని మావాణ్ణి భార్యాబిడ్డలతో సహా పిలిచింది. వారి బండిలో వారి కుక్క ఉంటుంది. “చాచా, మేము వెళ్ళవచ్చునా?” అన్నది వాడి ప్రశ్న.

కొంత ఆలోచించి చెబుతామన్నాము. ఆలోచిస్తూ ఉండగానే మాకూ అటువంటి ప్రయాణం మీద మనసు పోయింది! ఒక వ్యాను అద్దెకు మాట్లాడి, వెనుక సీట్లు తీయించి, రెండు పరుపులు, ఒక చిన్న గ్యాసు పొయ్యి, ఇరవై లీటర్ల నీటి క్యాన్లు మూడు, అడ్డుగా ఒక మందపాటి తెర ఏర్పాటు చేసుకున్నాము. మేము, మా శ్రీమతి, ఆమె అక్కగారు, మా మనవడు, డ్రైవరు. ఇదే మా కాఫిలా. ముందు సోమశిల, అటుపిమ్మట ఉదయగిరి.

నెల్లూరు నుండి ఉదయగిరి దాదాపు వంద కిలోమీటర్లు. హనఫీ ఉలమాల లెక్కలో సుమారు 78 కిలోమీటర్ల దూరాన్ని సంకల్పించి ఊరు దాటినవాడు ప్రయాణికుడే. జుహర్, అసర్, ఇషా నమాజులలో నాలుగు రకాతుల ఫర్జు రెండవుతుంది. చేరినచోట పదిహేను రోజులు ఉండే సంకల్పం లేనంతవరకు ఈ వెసులుబాటు వర్తిస్తుంది. అయితే కదిలే బండిలో సీటు మీద కూర్చొని ఫర్జు నమాజు ముగించుకోవడం, దిగి నిలబడే వీలున్నవారికి తగదు. మన బండి మన చేతిలో ఉండటంలోని మేలు ఇక్కడే తెలుస్తుంది. బస్సులో కండక్టరును బతిమాలాలి. ఇక్కడ బండి నమాజు కోసం ఆగుతుంది. సంగం దాటి, 2022లో ప్రారంభమైన బ్యారేజీని ఎడంగా చూసుకొని, ఆత్మకూరు చేరకముందే ఒక చింతచెట్టు నీడలో జుహర్ చేశాము.

స్త్రీలకు ఇటువంటి బండి ఎంత ఊరటో పురుషులకు సులభంగా తట్టదు. మన ఇండ్లలో చాలామంది తల్లులు ప్రయాణమంటే ముందురోజు నుండే నీళ్ళు తాగడం తగ్గించుకుంటారు. దారిలో మరుగు దొరకదని వారి భయం. మా శ్రీమతి అక్కగారికి మోకాళ్ళ నొప్పులు, పైగా షుగరు. తెర వెనుక ఒక కుర్చీ కమోడు పెట్టించడంతో ఆమె నిశ్చింతగా వచ్చారు. ఇన్నేళ్ళలో సోమశిల నీటిని ఆమె చూడటం ఇదే మొదటిసారి!

అయితే ఇంటిని వెంట తెచ్చుకున్నవారు ఇంటి చెత్తనూ వెంట తెచ్చుకున్నవారే. మోటారుహోముల మురుగును ఒలకబోయడానికి ఐరోపాలో ప్రత్యేకమైన చోట్లుంటాయట. కనబడిన కాలువలో వదిలితే జరిమానా. మనకు ఆ జరిమానా కన్నా ముందే హెచ్చరిక అందింది. జనం నడిచే దారిలో, వారు సేదదీరే నీడలో, నీటి రేవులలో మలవిసర్జన చేయడం శాపాన్ని కొనితెచ్చే పనులని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించారు. సోమశిల నీరు నెల్లూరు పొలాలకే కాదు, కండలేరు మీదుగా చెన్నపట్నం దాహానికీ పోతుంది. ఆ నీటి అంచున పారేసిన కాగితపు పళ్ళేలు, పిల్లల డైపర్లు మాకు కనబడ్డాయి. వాటిని పారేసినవారు ఏ మతంవారో విచారించడం మా పని కాదు. మా సంచులను మాత్రం మూతికట్టి బండిలోనే ఉంచి, ఆత్మకూరు చెత్తకుండీ దాకా మోశాము. నీటి విషయమూ అంతే. దైవప్రవక్త (స) ఒక ముద్దు నీటితో, అనగా దాదాపు ముప్పావు లీటరు లోపుతో, వుజూ చేసేవారు. కుళాయి కింద చేతులు చాచి బకెట్టు నీరు వదిలే మనకు క్యాను మూత తిప్పినప్పుడు గానీ ఆ హదీసు బరువు తెలియదు. మా మనవడు గ్లాసుతో కొలిచి మరీ వుజూ చేశాడు.

రాత్రి బసకు దారి పక్కన ఆగరాదన్నది కూడా ప్రవక్త (స) బోధే. రాత్రివేళ దారులు జంతువుల నడకలకు, విషపురుగుల సంచారానికి నెలవులవుతాయి. ఒంటెల కాలంలో చెప్పిన ఆ మాట లారీల కాలంలో మరింత అవసరం. ఒక రైతును అడిగి, కోత అయిన ఆయన చేలో బండి నిలుపుకున్నాము. అక్కడికి కాస్త దూరంలో గొర్రెల మంద ఉన్నది.

నిజానికి ఈ నేలలో ఇల్లు వెంటబెట్టుకొని తిరిగే విద్య తెలిసినవారు ఆ గొర్రెల కాపరులే. ఒక గొంగడి, ఒక సత్తుగిన్నె, ఒక కర్ర, ఒక కుక్క. అదే వారి ఇల్లు. నెల్లూరు గొర్రె పొడుగుకాళ్ళది. దూరానికి మేకలా కనబడుతుంది. మన దేశపు గొర్రెజాతులలో ఇదే ఎత్తైనదని చెబుతారు. తెల్లగా ఉంటే పల్ల, తెల్లని ఒంటితో ముఖాన నల్లని మచ్చలుంటే జోడిపి, గోధుమరంగుదైతే దొర. కోతలైన చేలలో మందను రాత్రి నిలిపితే భూమికి ఎరువు. అందుకుగాను రైతు కాపరికి ధాన్యమో డబ్బో ఇస్తాడు. ఐరోపా యాత్రికుడు నిద్రపోతే అతని కుక్క కూడా బండిలో నిద్రపోతుంది. కాపరి కునుకు తీసినప్పుడే అతని కుక్కకు అసలు పని మొదలవుతుంది.

ఫజర్ ముగించి టీ కాచుకుంటుండగా ఆ మంద పెద్దాయన వచ్చి దూరంగా నిలబడ్డాడు.

“సాయిబూ, రేత్రి అడివిపంది మంద మీదికొచ్చింది. మా కుక్క దానికి అడ్డం పడింది. కోర తగిలి తొడ చీరకపోయి ఉండాది. ఆత్మకూరు పశువులాసుపత్రి దాకా ఎక్కించుకోండి సామీ. బస్సులో ఎవురూ ఎక్కనీరు.”

మేము నోరు తెరిచేలోగా బండిలో నుండి అక్కగారి గొంతు వినబడింది. “మౌల్వీ సాహెబ్, జానిమాజులు పరిచిన బండి ఇది. మీరే నమాజు నేర్పుతారు, మీరే కుక్కను ఎక్కిస్తారా?”

ఆమె మాటలో తప్పు లేదు. ఈ కాలంలో కుక్కను మంచం మీద పడుకోబెట్టుకోవడం ఒక హోదాగా మారింది. మన పిల్లలూ ఆ వీడియోలు చూసి కుక్కపిల్ల కావాలని మారాం చేస్తున్నారు. వేట, పశువుల మంద, పొలం, వీటి కాపలా అవసరం లేకుండా కుక్కను పెంచేవాని పుణ్యం ప్రతిదినం కొంత తరుగుతుందని సహీహ్ హదీసులలో ఉన్నది. కుక్క ఉన్న ఇంట దైవదూతలు ప్రవేశించరన్నదీ హదీసే. అనుమతి ఉన్న కాపలా కుక్కకు ఇది వర్తించదని ఇమామ్ ఖత్తాబీ అభిప్రాయపడగా, ఇమామ్ నవవీ సాధారణార్థంలోనే తీసుకున్నారు. ఇంత జాగ్రత్త చెప్పిన ధర్మంలో అక్కగారు సంకోచించడం సహజమే.

కానీ పెద్దాయన అడిగింది కుక్కను పెంచమని కాదు. ఆ కుక్క ధర్మం అనుమతించిన మంద కుక్క. దాని గాయం తన పని చేస్తూ పొందిన గాయం. దాహంతో తడిమట్టి నాకుతున్న కుక్కను చూసి, బావిలోకి దిగి, తోలు మేజోడులో నీరు నింపి, పంటితో పట్టుకొని పైకెక్కి తాగించిన ఒకానొక బాటసారిని అల్లాహ్ క్షమించిన వృత్తాంతం బుఖారీలో, ముస్లింలో ఉన్నది. అతడు కూడా ప్రయాణంలోనే ఉన్నాడు. అతని మేజోడు కూడా తడిసింది. ఇదంతా అక్కగారికి చెప్పబోతుండగా మా మనవడు అందుకున్నాడు. “దాదా, గుహవాసుల వెంట కూడా కుక్క వెళ్ళింది కదా!”

సూరె కహఫ్‌ను ప్రతి జుమానాడు చదివే ఇల్లు మాది. ఆ విశ్వాస యువకులు గుహలో నిద్రిస్తుండగా, వారి కుక్క గడప వద్ద ముంగాళ్ళు చాచి కూర్చున్నదని దివ్య ఖుర్‌ఆన్ పద్దెనిమిదవ ఆయతులో ప్రస్తావించింది. వారెందరని జనం వాదులాడుకున్న ముచ్చట ఇరవై రెండవ ఆయతులో వస్తుంది. అక్కడ ప్రతి లెక్కలోనూ కుక్కను కలిపే చెప్పడం గమనార్హం. మంచివారి వెంట నడిచినందుకు ఒక మూగజీవానికి దక్కిన ప్రస్తావన అది. అయితే దాని చోటు గడప వద్ద అన్నదీ అక్కడే ఉన్నది. అక్కగారు కాసేపు మౌనంగా ఉండి, “అయితే అది కూడా గడప దగ్గరే కూర్చోవాలి” అన్నారు.

అలాగే చేశాము. జానిమాజులు, వంటపాత్రలు మూటకట్టి ముందుకు చేర్చాము. వెనుక తలుపు దగ్గర పరుపు ఎత్తి, టార్పాలిను పరిచి, దాని మీద పెద్దాయన గొంగడి వేశాము. ఆయన కుక్కను ఎత్తుకొని కూర్చున్నాడు. అది బక్కపలచని ఊరకుక్క. దారి పొడవునా మూలిగింది గానీ ఎవరి మీదా పళ్ళు చూపలేదు. అనంతసాగరం దాటేసరికి అక్కగారే ఒక సత్తుమూతలో నీళ్ళు పోసి వెనక్కి అందించారు. ఆ మూతను తరువాత ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో, కడిగినదీ ఆమే. హనఫీలలో మూడుసార్లు కడిగితే పాత్ర శుద్ధమవుతుంది, ఏడుసార్లు ఉత్తమం. షాఫయీలలో ఏడు తప్పనిసరి. పొడిగా ఉన్న కుక్క ఒళ్ళు బట్టకు తగిలినంత మాత్రాన హనఫీలలో బట్ట అపవిత్రం కాదు. లాలాజలం, రక్తం తగిలితే కడగాలి. డ్రైవరు చొక్కా అంచుకు రక్తం అంటింది. అతడు మార్చుకున్నాడు, అంతే.

ఆత్మకూరులో డాక్టరు గారు గాయం శుభ్రం చేసి, కుట్లు వేసి, పిచ్చికుక్క వ్యాధి టీకా ఎప్పుడు వేయించారని అడిగారు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. ఇది తేలికగా తీసుకోవలసిన విషయం కాదు. ఆ వ్యాధి లక్షణాలు బయటపడిన తరువాత మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కుక్క కరిస్తే పావుగంట సేపు సబ్బుతో, పారే నీటితో కడిగి, అదేరోజు ఆసుపత్రికి పోవాలి. పసుపు, కారం, తాయెత్తు పనికిరావు. జూలై 6న, సెప్టెంబరు 28న పశువైద్యశాలలలో ఉచిత టీకా శిబిరాలు పెడుతుంటారు. మదరసా ఉన్న ప్రతి వీధిలో ఈ రెండు తేదీలు గోడకు అంటించవచ్చు. పెద్దాయన కొడుకు మోటారుసైకిలు మీద వచ్చి ఇద్దరినీ తీసుకుపోయాడు. మా చేతిలో వంద రూపాయల నోటు పెట్టబోతే వద్దన్నాము.

మా తమ్ముని కుమారునికి ఆ మధ్యాహ్నమే ఫోనులో జవాబు చెప్పాము. ఇతరుల కుక్క ఉన్న బండిలో ప్రయాణించడం నిషిద్ధం కాదు. మీ పాత్రలు, మీ పడక, జానిమాజు వేరుగా ఉంచుకోండి. బండి ఆపి నేల మీద నమాజు చేయండి. ఆ కుక్కను చూసి ముఖం చిట్లించి ఆతిథ్యమిచ్చినవారి మనసు నొప్పించకండి. అలా తిరిగివచ్చాక పిల్లల ముచ్చటకోసం మీరూ ఒక కుక్కను తెచ్చుకుంటామంటే మాత్రం మేము ఒప్పుకోము. ఇంతకూ వాడు కుక్క గురించి అంతగా కలత చెందాడు గానీ, అదే పొయ్యి మీద అదే పెనంలో వారు పంది మాంసం వేయిస్తారన్న సంగతి అడగనే లేదు! పెనం వేరుగా కొనుక్కోమని, సారా సీసాలు తెరిచే విందులో బల్ల వద్ద కూర్చోవద్దని మేమే గుర్తుచేయవలసి వచ్చింది.

ఉదయగిరి చేరేసరికి అసర్ అయింది. ఈ కొండకోటను గజపతుల నుండి 1514లో శ్రీకృష్ణదేవరాయలు సుదీర్ఘ ముట్టడి తరువాత గెలిచాడు. ఆపై గోల్కొండవారి ఏలుబడి వచ్చింది. కొండపైని మసీదును కట్టించి తోట నాటించినవాడు, గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కాలపు అధికారి షేక్ హుసేన్ అని అక్కడి పారసీ శాసనాలు చెబుతున్నాయి. మసీదు కట్టినవాడు పక్కనే చెట్లు కూడా నాటి, ఆ సంగతిని రాతిలో చెక్కించాడు. అక్కగారి మోకాళ్ళతో కొండ ఎక్కడం కుదరదు గనుక మేమూ, మనవడూ కొంతదూరం పోయి దిగివచ్చాము.

ఊళ్ళో మన ముస్లిం కుటుంబాల స్త్రీలు గుమ్మాలలో కూర్చొని చెక్క గరిటెలు చెక్కుతున్నారు. ఈ కొండల నార్ది, బిక్కి కర్రతో చేసే ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉన్నది. పిడి మీద పారసీ తీగెల నగిషీ, చివరన ఆకు. గరిటెను ఆకురాయితో రుద్దుతున్న ఒక యువతి, కర్ర దొరకడం కష్టమవుతున్నదని, దళారి ఇచ్చే ధరకూ పట్నంలో అమ్మే ధరకూ పొంతన ఉండదని అక్కగారితో చెప్పుకొచ్చింది. అక్కగారు బేరం ఆడలేదు. రెండు అన్నం హస్తాలు, అరడజను చెంచాలు, జర్మనీకి పంపడానికి ఒక పెద్ద గరిటె తీసుకున్నారు.