చివరి బోదె కింద ఆడవాళ్లు

కృష్ణా డెల్టాలో నీటి కరవు అంటే రాయలసీమ వాళ్లు నమ్మరు. 1855లో పూర్తయిన ఆనకట్ట, అది 1952లో తెగాక 1957 నాటికి లేచిన ప్రకాశం బ్యారేజీ, దాని కింద 13 లక్షల ఎకరాల ఆయకట్టు. బెజవాడలో బ్యారేజీ మీద నిలబడితే కనుచూపు మేరా నీళ్లే. ఆ నీళ్లు పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమలోకి దిగి, కోడూరు, నాగాయలంక వైపు చివరి బోదె దాకా చేరేసరికి ఏపాటి మిగులుతాయో తెలియాలంటే జులైలో అక్కడి నారుమడి గట్టు మీద కూర్చోవాలి. కాలవ వస్తుందన్న తేదీకి నారు పోసి, అది ముదిరిపోతుంటే రోజూ పొద్దున్నే తూము దగ్గరికి వెళ్లి చూసి వచ్చే ఆడవాళ్లను నేను అక్కడ చూశాను.

2016లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ప్రకృతి వ్యవసాయం కార్యక్రమం మొదలయ్యాక, మహిళా సంఘాలతో పనిచేయడానికి నేను ఆ ఊళ్లకు వెళ్లేదాన్ని. పండిట్ నెహ్రూ బస్టాండులో తెల్లవారుజామున అవనిగడ్డ బస్సెక్కితే ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, మోపిదేవి. వేసవిలో ఆ దారి పొడుగునా కోసేసిన చేలు నెర్రెలు విచ్చి కనిపిస్తాయి. దివిసీమలో పైకి నల్లరేగడి, కింద ఉప్పు. చేను ఎండకు ఆరే కొద్దీ అడుగున ఉన్న ఉప్పు తడితోపాటు పైకెక్కుతుంది, తడి ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. కాలవ సకాలంలో వచ్చి చేను నిండా పారితే ఆ చౌడు కడిగేస్తుంది. ఎగువ వరద తగ్గి సాగర్ నిండని ఏడు, 2002లోనో 2015లోనో జరిగినట్టు, శివారు చేలకు దెబ్బ రెండు వైపుల నుంచీ తగులుతుంది: పైరుకు తడి లేదు, చౌడు కడగడానికీ నీళ్లు లేవు. పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు బ్యారేజీ ఎగువన కృష్ణలో కలవడం మొదలయ్యాక డెల్టా కొంత తేరుకున్న మాట నిజమే. అయినా కాలవ మొదట్లో ఉన్నవాడి ధీమా చివర్లో ఉన్నవాడికి ఎప్పుడూ లేదు.

మేం తీసుకెళ్లిన పద్ధతి అనంతపురం మెట్టభూముల్లో మొదలైంది. వానల కోసం ఆగకుండా ఏప్రిల్, మే నెలల్లోనే రకరకాల విత్తనాలు కలిపి పొడి దుక్కిలో చల్లి, పైన గడ్డి కప్పడం. కాగితాల మీద దాని పేరు పీఎండీఎస్ (ప్రీ మాన్‌సూన్ డ్రై సోయింగ్), ఊళ్లో అందరికీ నవధాన్యాలే. రామాలయం అరుగు మీద సంఘం మీటింగులో ఆ సంగతి చెప్పగానే ఒకావిడ, "మాగాణిలో జొన్నలూ సజ్జలూ చల్లమంటారేంటక్కా, నీళ్లు లేకపోతే చీమలు తింటాయి" అంది. మిగతావాళ్లు కూడా లేవబోయారు. అప్పుడు గోడకానుకుని కూర్చున్న పెద్దావిడ అందుకుంది.

"ఏమ్మాయ్, మనం మినుముకి ఏనాడైనా నీళ్లు పెట్టామా? మంచు తాగే గదా పండుద్ది."

ఆ ఒక్క మాటతో మీటింగు మళ్లీ కుదురుకుంది. డెల్టాలో వరి కోతకు నాలుగు రోజుల ముందు, చేలో పదును ఉండగానే, నిలబడి ఉన్న పైరులోనే మినుములు చల్లుతారు. కోత అయ్యేసరికి మోళ్ల మధ్య మొలక కనిపిస్తుంది. ఆ తర్వాత దున్నడం లేదు, నీళ్లు లేవు. నేలలో మిగిలిన తడి, పొద్దున కురిసే మంచు, అంతే. సంక్రాంతి దాటాక పూత, కాత. పిల్లిపెసర, జనుము కూడా పశువులకు మేతగా అలాగే వచ్చేవి. నీళ్లు పెట్టకుండా పంట తీయడం ఈ గడ్డకు కొత్త కాదు, ఆ పని తెలిసిన చేతులు అక్కడే ఉన్నాయి. శిక్షణలో మేం నేర్పిందంతా ఆ తెలివిడిని ఏడాది పొడుగునా సాగదీయడమే అని నాకప్పుడు అర్థమైంది. ఆ తర్వాత ఏ ఊరు వెళ్లినా ముందు మినుము గురించే మొదలుపెట్టేదాన్ని.

విత్తనాలకు గుళిక కట్టడం ఆ వేసవిలో నాకు బాగా గుర్తున్న పని. ఆరేడుగురు ఒక ఇంటి వాకిట్లో పట్టాలు పరుచుకుని కూర్చునేవాళ్లు. అలసంద, పెసర, కంది, నువ్వు, జొన్న, ఆవాలు, ధనియాలు, గోంగూర, తోటకూర, జీలుగ, ఎవరింట్లో ఏది ఉంటే అది. ముందు బీజామృతం చిలకరించి, జల్లించిన మెత్తటి మట్టి, ఆ పైన బూడిద, ఆ పైన ఘనజీవామృతం పొడి అద్దుతూ చేటలో గుండ్రంగా తిప్పితే గింజ చుట్టూ పొర కడుతుంది. ఆ పొర వల్ల చీమలూ పిట్టలూ ముట్టవు, ఒక చినుకుకే తొందరపడి మొలిచి మాడిపోవడమూ తక్కువ. పక్కనే డ్రమ్ములో జీవామృతం: 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, ఆవు పంచితం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. పుల్లటి వాసన వస్తోందో లేదో చూసి తయారైందని చెప్పేది ఆ పెద్దావిడే.

చిక్కంతా గడ్డి దగ్గర వచ్చింది. చేను కప్పడానికి ఎకరానికి బోలెడు వరిగడ్డి కావాలి. ఇంట్లో గేదెకు అదే ఆధారం. వరికోత మిషన్లు వచ్చాక గడ్డి సగం చేలోనే ముక్కలై పోతోంది, మిగిలింది కొనుక్కోవాలంటే డబ్బు. గడ్డి గేదెకా, చేనుకా అని ఇళ్లల్లో గొడవలైన సంగతి నాకు తెలుసు. పాల డబ్బులు వారం వారం చేతికొస్తాయి, చేను మేలు ఏ రెండేళ్లకో కనిపిస్తుంది. గేదె వైపే నిలబడిన ఆడవాళ్లను నేనెప్పుడూ తప్పు పట్టలేదు. కొందరు కొబ్బరిమట్టలు, అరటాకులు, కలుపు పీకిన చెత్త వేసి నెట్టుకొచ్చారు. కొందరు మానేశారు.

చేసినవాళ్ల చేలు ఎలా ఉన్నాయో 2023లో తేలింది. ఆ ఏడు ఆగస్టు దేశం మొత్తం మీద 1901 నుంచి లెక్కలున్నంతలో అతి తక్కువ వాన పడిన ఆగస్టు. శివారుకు నీళ్లు వంతుల మీద వదిలారు, వంతుకీ వంతుకీ మధ్య చేలు బీటలు వారాయి. నవధాన్యాలు వేసి, పూత దశలో దున్నేసిన చేలల్లోకి దిగితే కాలి కింద తేడా తెలిసేది. పక్క చేను గట్టిపడి వరి ఆకు చుట్టుకుపోతుంటే ఇక్కడ మట్టి ఇంకా మెత్తగా, చల్లగా ఉంది. మట్టిలో సేంద్రియ పదార్థం పెరిగితే తడి పట్టి ఉంచుతుందని పాఠాల్లో చెప్పేదాన్ని, ఆ సెప్టెంబరులో కళ్లారా చూశాను. అన్ని చేలూ అలా లేవు. చౌడు ముదిరిన రెండు మడుల్లో ఏం చేసినా పైరు ఎర్రబారింది.

తీరా కోతల వేళకు, డిసెంబరు 5న, మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నీళ్లు లేవని ఆగస్టులో ఏడ్చిన చేలల్లో మోకాలి లోతు నీళ్లు. వేరు లోతుకు దిగిన వరి కొంతవరకు నిలబడింది, కొంత పడిపోయింది. అప్పటికే చల్లిన మినుము మాత్రం అందరిదీ కుళ్లింది. విత్తనం కోసం అందరూ అవనిగడ్డ షాపుల ముందు నిలబడ్డారు. ధర కొండెక్కింది. సంఘంలో కొందరి ఇళ్లల్లో బూడిదా వేపాకూ కలిపి డబ్బాల్లో దాచిన మినుములున్నాయి. వాటిని చేబదులు కింద ఒకరికొకరు ఇచ్చుకుని, నీళ్లు తీసిన చేలల్లో మళ్లీ చల్లారు. అదును తప్పిన మినుముకు పల్లాకు తెగులు సోకింది, కాపు సగమే. అయినా కౌలుకు కొంత జమ చేయగలిగారు, పప్పు ఇంట్లోకి వచ్చింది.

ఇక్కడి దాకా చెప్పిందంతా ఆ ఆడవాళ్ల చేతిలో ఉన్న సంగతి. వాళ్ల చేతిలో లేనిది ఇంకొకటుంది. నేను పనిచేసిన సంఘాల్లో ఎక్కువమంది కౌలుదార్లు. ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇస్తూ 1986లో చట్టం తెచ్చిన రాష్ట్రమిది. భూమే లేని ఇంట్లో పుట్టినామెకు ఆ హక్కు ఎక్కడ దొరుకుతుంది? 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం 11 నెలలకు హక్కు పత్రం ఇస్తారు, అది ఉంటే పంట రుణానికీ నష్టపరిహారానికీ దారి. దాని మీద భూయజమాని సంతకం కావాలి. తుపాను నష్టం రాసుకోవడానికి వచ్చినప్పుడు, భర్త పోయాక ఒంటరిగా సాగు చేస్తున్న ఒకామె పేరు జాబితాకెక్కలేదు. హైదరాబాదులో ఉంటున్న యజమానికి నేనే ఫోను చేసి మాట్లాడాను. మర్యాదగానే మాట్లాడాడు. "సంతకం పెడితే రేపు భూమి నాదంటుందేమోనండీ" అన్నాడు. ఆ పత్రంతో యాజమాన్యానికి ఏ ఢోకా లేదని చట్టంలోనే ఉందని చెప్పాను. పెట్టలేదు.

2024 జులైలో లిస్బన్‌లో ఆంధ్ర ప్రకృతి వ్యవసాయానికి గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. వేదిక మీద రైతు సాధికార సంస్థ తరఫున వెళ్లిన విజయ్ కుమార్ గారి పక్కన మహిళా రైతు నెట్టెం నాగేంద్రమ్మ నిలబడి ఉంటే ఆ ఫొటో చూసి సంతోషం ఆపుకోలేకపోయాను. ఫోనులోనే ఆ ఫొటో దివిసీమ అక్కలకు పంపాను. మరుసటి వేసవిలో వెళ్లేసరికి, చౌడు తగ్గించి, మట్టిని నల్లగా గుల్లగా చేసుకున్న ఒకామె చేను లేదు. భూమి బాగుపడిందని కౌలు పెంచారు, ఆమె ఇవ్వలేకపోయింది, యజమాని రొయ్యల చెరువుకు ఇచ్చేశాడు. పొక్లెయిన్ తవ్వి పోసిన గట్టు పక్కన నిలబడి ఆమె, "పోన్లే అక్కా, గట్టవతల అరెకరం దొరికింది, మళ్లీ మొదలెడతా" అంది. చెరువులోకి పెట్టే ఉప్పునీరు ఆ అరెకరంలోకి ఊరకుండా ఉండదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇది చదువుతున్నవాళ్లలో డెల్టాలో నాలుగెకరాలు ఉండి బెజవాడలోనో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటున్నవాళ్లు తప్పక ఉంటారు. మీ చేను ఎవరు చేస్తున్నారో పండక్కి ఊరెళ్లినప్పుడు కనుక్కోండి. ఆడమనిషి చేస్తుంటే హక్కు పత్రం ఆమె పేరునే రాయించి సంతకం పెట్టండి. కౌలు ఏడాదికేడాది కాకుండా మూడేళ్లకు ఖాయం చేయండి. మట్టి బాగుపడడానికి కనీసం అంత కాలం కావాలి.